ఎండాకు తెగులూ, గడప దాటే ప్రోటీన్లూ

2010 వానకాలంలో, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా, రామన్నపేటలో మా మూడెకరాల వరి ఎండిపోయింది. నీళ్లు లేక కాదు. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి, బావిలో నీళ్లున్నాయి. దసరా సెలవులకు ఇంటికి పోతే, రోడ్డు మీద నుంచి చూసినప్పుడు పొలం అప్పుడే కోతకొచ్చినట్టు కనపడింది. దగ్గరికి పోయాక అర్థమైంది. పొట్ట మీదున్న వరి అది. ఆకులు కొసల నుంచి, అంచుల వెంబడి, అల గీసినట్టు గడ్డిరంగుకు తిరిగి, పైనుంచి కిందికి ఎండుకుంటూ వస్తున్నాయి. పొద్దున్నే చూస్తే ఆకుల మీద ఆవగింజకంటే చిన్న పసుపు చుక్కలు. ఎండెక్కేసరికి అవి గట్టిపడి, ముట్టుకుంటే రాలిపోయేవి.

బాపు మందుల దుకాణానికి పోయి ఏదో పొడి తెచ్చి కొట్టాడు. ఆగలేదు. ఇంకోటి తెచ్చాడు, అదీ అంతే. ఎకరానికి పాతిక బస్తాలు వచ్చే మడుల్లో పది కూడా రాలేదు. ఆ సెలవుల్లో నాకు ఎక్కడో ఒక కరపత్రం దొరికింది. అందులో ఎండాకు తెగులు గురించి నాలుగు లైన్లున్నాయి: నత్రజని ఎక్కువైతే ఉధృతమవుతుందని. నేను ఆ కాగితం పట్టుకుని "యూరియా అంతగనం ఎవరు చల్లమన్నరు నిన్ను?" అన్నాను. బాపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడు ఆ పంట సంగతి వచ్చినా, ఎవరూ అడగకముందే ఆయనే "యూరియా నేనే జర ఎక్కువ చల్లిన" అనడం మొదలుపెట్టాడు.

ఇది ఆ తెగులు చరిత్ర గురించి రాస్తున్న వ్యాసం. అసలు విషయం చిన్నదే: ఒక బాక్టీరియా తను తయారుచేసిన ప్రోటీన్లను తన గోడ దాటించి బయటికి ఎలా పంపుతుంది? పుస్తకాల మీద అప్పుడప్పుడూ రాసుకునే నాకు ఈ ప్రశ్నతో ఏం పని అని నేనూ అనుకున్నాను, బ్లోబెల్ గురించి చదివిన రోజు దాకా. తీగ లాగుతూ పోతే డ్రెస్డెన్, బోస్టన్, కటక్, మాలి తిరిగి, చివరికి నేను కాలేజీకి పోయేటప్పుడు రోజూ సిటీ బస్సు కిటికీలోంచి చూసిన హబ్సిగూడ ప్రహరీగోడ దగ్గర తేలాను.

*

ముందు సమస్య ఏమిటో చెప్పాలి. కణం చుట్టూ ఉండే పొర నూనె లాంటిది. నీళ్లలో కరిగేవి దాన్ని దాటలేవు. ప్రోటీన్లన్నీ లోపలే తయారవుతాయి, ఇంట్లో తినేదీ ఊరికి పంపేదీ ఒకే పొయ్యి మీద వండినట్టు. అందులో కొన్ని లోపలే ఉండాలి, కొన్ని పొరలో ఇమిడిపోవాలి, కొన్ని బయటికి పోవాలి. ఏది ఎక్కడికి పోవాలో ఎవరు చెప్తారు? పైగా ప్రోటీన్ అంటే చిన్న వస్తువేం కాదు, వందల అమైనో ఆమ్లాల గొలుసు. అంత పెద్దది పోయేలా తలుపు తెరిస్తే, లోపలున్న ఉప్పూ చక్కెరా కారిపోయి కణం చచ్చిపోవాలి కదా. చావడం లేదు. ఎందుకని?

ఈ ప్రశ్నలో మొదటి సగానికి జవాబు గుంటర్ బ్లోబెల్ పేరు మీద ఉంది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్‌లో ఆయనా, డేవిడ్ సబటీనీ కలిసి 1971లో ఒక ఊహ ముందుకు తెచ్చారు: బయటికి పోవాల్సిన ప్రోటీన్ మొదట్లోనే ఒక చిన్న తోక ఉంటుంది, అదే దాని చిరునామా అని. అప్పటికి చేతిలో రుజువు లేదు. మరుసటేడు కేంబ్రిడ్జ్‌లో సీజర్ మిల్‌స్టీన్ బృందం, పరీక్షనాళికలో తయారైన ఒక యాంటీబాడీ గొలుసు, కణంలో తయారైన దానికంటే కాస్త పొడుగ్గా ఉందని గమనించింది. ఆ అదనపు ముక్క ఎక్కడ పోతోంది? 1975లో బ్లోబెల్, బెర్నార్డ్ డాబర్‌స్టైన్‌తో కలిసి, కుక్క క్లోమం నుంచి తీసిన పొరలతో ఆ పనినంతా కణం బయటే చేసి చూపించాడు. చిరునామా ముక్క గొలుసును పొర దగ్గరికి తీసుకుపోతుంది. దాటాక ఒక ఎంజైము ఆ ముక్కను కత్తిరించేస్తుంది. ఉత్తరం చేరాక కవరు చించి పారేసినట్టు.

1999లో దీనికి నోబెల్ వచ్చింది. బ్లోబెల్ చిన్నప్పుడు, 1945లో, యుద్ధం నుంచి పారిపోతూ డ్రెస్డెన్ నగరాన్ని చూశాడు. తర్వాత కొద్దిరోజులకే అది బాంబుల్లో తగలబడింది. నోబెల్ డబ్బు ఆయన అక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చినీ, యూదుల ప్రార్థనా మందిరాన్నీ తిరిగి కట్టడానికి ఇచ్చేశాడు. 

బ్లోబెల్ పనిచేసింది జంతుకణాల మీద. బాక్టీరియాలో ఆ తలుపు ఎలా ఉంటుందో వెతికినవాళ్లలో ముఖ్యుడు హార్వర్డ్‌లోని జొనాథన్ బెక్‌విత్. ఈయన ఇంకో రకం మనిషి. 1970లో తనకొచ్చిన ఎలై లిలీ అవార్డు డబ్బును బ్లాక్ పాంథర్ పార్టీకి ఇచ్చాడు. ఈ ఇద్దరి బహుమతి డబ్బులూ ఎక్కడికి పోయాయో చదివాకే వాళ్ల పరిశోధన పత్రాలు చదవాలనిపించింది నాకు. ఇది సైన్సు చదవడానికి సరైన కారణం కాదని తెలుసు.

బెక్‌విత్ ప్రయోగశాల చేసిన పని, ప్రోగ్రాములు రాసేవాళ్లకు వెంటనే నచ్చుతుంది. తలుపు కనిపించడం లేదు కాబట్టి దాన్ని ఇరికించి చూశారు. బీటా గెలాక్టోసిడేజ్ అని ఒక ఎంజైము ఉంది. అది ఎప్పుడూ కణం లోపలే ఉంటుంది, గడప దాటదు. దాని ముందు, బయటికి పోయే ఒక ప్రోటీన్ చిరునామాను అతికించారు. ఆ ప్రోటీన్ మాల్టోజ్ అనే చక్కెర ఉన్నప్పుడే తయారవుతుంది. కాబట్టి మాల్టోజ్ పెట్టగానే ఈ అతుకుల ప్రోటీన్ కుప్పలుగా తయారై, తలుపు దాకా పోయి, దాటలేక అక్కడే ఇరుక్కుంది. దాని వెనకున్నవన్నీ ఆగిపోయాయి. బాక్టీరియా చచ్చిపోయింది. తిండి పెడితే చచ్చే బాక్టీరియా అన్నమాట. కోట్లలో ఒకటీ అరా బతికిపోయినవి ఉంటాయి. అవి ఎందుకు బతికాయో చూస్తే, చాలావాటిలో చిరునామా ముక్కలో తప్పు పడింది. చిరునామా చెడిపోతే ప్రోటీన్ తలుపు దాకా పోదు, ఇరుక్కోదు. అలా బాక్టీరియాలో కూడా చిరునామా ఉందని తేలింది. ఇదే దారిలో, 1980ల మొదట్లో, తలుపు యంత్రం భాగాలు ఒక్కొక్కటే పేర్లతో బయటపడ్డాయి. సెక్‌వై అనేది తలుపు. సెక్‌ఏ అనేది శక్తి ఖర్చుపెట్టి గొలుసును తోసే మోటారు.

కణం ఎందుకు కారిపోదనే రెండో సగానికి జవాబు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2004లో టామ్ రాపోపోర్ట్ బృందం ఆ తలుపు ఆకారాన్ని చూపించింది. ఇసుక గడియారంలా నడుము సన్నగా ఉన్న రంధ్రం, మధ్యలో బిరడా. ప్రోటీన్ ముద్దగా పోదు, మడత విప్పుకుని దారంలా పోతుంది. కిటికీ ఊచల మధ్య నుంచి పంచెను మడత విప్పి లాగినట్టు. దారం పట్టేంత సందే తెరుచుకుంటుంది కాబట్టి ఇంకేదీ కారదు.

*

ఇదంతా ఒక గోడ సంగతి. మా వరిని ఎండబెట్టిన బాక్టీరియాకు రెండు గోడలున్నాయి.

దాని పేరు జాంథోమొనాస్ ఒరైజే. జాంథో అంటే గ్రీకులో పసుపు. ఆ పసుపు చుక్కలు అవే, లక్షల కొద్దీ బాక్టీరియా ముద్ద. ఈ తెగులును 1884 ప్రాంతంలో జపాన్‌లోని ఫుకువోకాలో రైతులు మొదట గమనించారు. నేలలో పులుపు ఎక్కువై వచ్చిందనుకున్నారు. 1909లో తకాయిషి అనే ఆయన ఆకుల మీద మసకగా ఉన్న మంచుబొట్లను పరీక్షించి, అందులో బాక్టీరియా ఉందని చూశాడు. అంటే పాతికేళ్లు తప్పు నేలదే అనుకున్నారు. మా ఇంట్లో యూరియాదే అనుకున్నట్టు.

బాక్టీరియా ఆకు అంచున నీళ్లు చెమర్చే సన్నటి రంధ్రాల్లోంచో, గాలివానకు ఆకులు ఒరుసుకుని చిరిగిన చోటినుంచో లోపలికి పోతుంది. పోయి ఆకు నీటి నాళాల్లో కాపురం పెడుతుంది. అక్కడి నుంచి అది మొక్కను ఏం చేయాలన్నా తన ప్రోటీన్లను బయటికి పంపాలి. సెక్ తలుపు దాటితే లోపలి గోడ మాత్రమే దాటినట్టు. ఇంకా బయటి గోడ ఉంది. ఇందుకోసం బాక్టీరియాలు రకరకాల యంత్రాలు కట్టుకున్నాయి. వాటికి శాస్త్రవేత్తలు టైప్ 1, టైప్ 2, టైప్ 3 అని పేర్లు పెట్టారు. పేర్లు పెట్టడంలో మా సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే బద్ధకస్తులు ఉన్నారని అప్పుడే తెలిసింది. టైప్ 2కు పాత పత్రాల్లో ఉన్న పేరు 'జనరల్ సెక్రీటరీ పాత్‌వే'. నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి ఆ పేరు చదవగానే ఏ పార్టీ అన్న అనుమానం రాక మానదు.

హబ్సిగూడ గోడ ఇక్కడే వస్తుంది. అది సీసీఎంబీ ప్రహరీ. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, 1977లో పుష్ప మిత్ర భార్గవ మొదలుపెట్టిన సంస్థ. అక్కడ రమేశ్ సొంటి ప్రయోగశాల ఏళ్ల తరబడి ఈ ఒక్క బాక్టీరియాను పట్టుకుని కూర్చుంది. 2000లో సువేంద్ర రే, ఆర్. రాజేశ్వరి, సొంటి ఒక పత్రం ప్రచురించారు. టైప్ 2 యంత్రం చెడిపోయిన జాంథోమొనాస్‌ను తయారుచేసి వరి ఆకులోకి ఎక్కిస్తే, అది తెగులు సరిగ్గా తేలేకపోయింది. ఆ బాక్టీరియా లోపల ఎంజైములు తయారవుతున్నాయి, కానీ బయటికి రావడం లేదు. ఆ ఎంజైములు ఏం చేస్తాయి? మొక్క కణానికి ఉండే గట్టి గోడను కొరుకుతాయి. ఒకటి జైలాన్‌ను, ఒకటి సెల్యులోజ్‌ను, ఇంకోటి వేరే బంధాలను. వాటిలో లిప్‌ఏ అనే ఎంజైము రూపాన్ని 2009లో అదే సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందంతో కలిసి గీశారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చినది తర్వాతి అడుగు. ఆ ఎంజైములను శుద్ధి చేసి, బాక్టీరియా లేకుండా, ఉత్తగా వరి ఆకులోకి ఎక్కించి చూశారు. ఆకు మేలుకుంది. కణాల గోడల దగ్గర అడ్డుకట్టలు కట్టుకోవడం మొదలుపెట్టింది. అలా మేలుకున్న ఆకులోకి తర్వాత అసలు బాక్టీరియాను పంపితే, అది నిలదొక్కుకోలేకపోయింది. అంటే బాక్టీరియా గోడకు కన్నం వేయడానికి పంపిన పలుగే చప్పుడు చేస్తోంది. ఇంటివాళ్లు లేస్తున్నారు. ఎంజైము బయటికి పంపకపోతే బతకలేదు, పంపితే పట్టుబడుతుంది.

మరి మా పొలంలో వరి ఎందుకు లేవలేదు? దీనికీ జవాబు అక్కడి నుంచే వచ్చింది. గోపాల్‌జీ ఝా, రాజేశ్వరి, సొంటి 2007లో చూపించిందేమిటంటే, టైప్ 2 చేసిన చప్పుడును టైప్ 3 నోరు మూయిస్తుంది. టైప్ 3 ఒక సూది. బాక్టీరియా రెండు గోడలనూ దాటి, నేరుగా మొక్క కణంలోకి ప్రోటీన్లను ఎక్కిస్తుంది. టైప్ 3 చెడిపోయిన బాక్టీరియాను పంపితే ఆకు అల్లరి చేసింది. టైప్ 2, టైప్ 3 రెండూ చెడిపోయినదాన్ని పంపితే ఆ అల్లరి లేదు. కన్నం వేసేవాడు ఒకడు, ఇంటివాళ్లకు మత్తు చల్లేవాడు ఇంకొకడు, ఇద్దరూ ఒక్క బాక్టీరియాలోనే.

సూదిలోంచి పోయేవాటిలో టాల్ అనే జాతి ప్రోటీన్లు ఉన్నాయి. వాటి పని మత్తు చల్లడం కూడా కాదు, ఏకంగా ఇంటి తాళంచెవులు వాడుకోవడం. అవి మొక్క కణం కేంద్రకంలోకి పోయి, వరి జన్యువుల్లో తమకు కావాల్సినదాన్ని పట్టుకుని ఆన్ చేస్తాయి. అవి ఆన్ చేసే జన్యువుల్లో ఒకటి చక్కెరను కణం బయటికి పంపే తలుపును తయారుచేస్తుంది. స్వీట్ అనే కుటుంబానికి చెందిన ఆ తలుపుల పని ఏమిటో 2010లో తేలింది. అదే ఏడు మా పొలం ఎండిపోయింది. తన ప్రోటీన్‌ను గడప దాటించి, వరి చేత వరి చక్కెరనే గడప దాటిస్తోంది బాక్టీరియా.

*

ఇప్పుడు విత్తనం సంగతి. మేము ఆ ఏడు వేసింది అందరూ వేసేదే. బీపీటీ 5204, సాంబ మసూరి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సన్నరకం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటి జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి, ఈ మూడూ దాని పూర్వీకులు. తెలుగువాళ్లు సన్నబియ్యం అన్నప్పుడు నాలుక మీదికొచ్చే రుచి చాలా ఇళ్లల్లో ఇదే. కానీ ఎండాకు తెగులుకు ఇది సులువుగా లొంగుతుంది. పూర్వీకుల్లో ఉన్న తైచుంగ్ నేటివ్ 1 అయితే ఎంత లొంగుతుందంటే, పరిశోధన మడుల్లో 'తెగులు వస్తే ఇలా ఉంటుంది' అని పోల్చి చూడటానికి దాన్నే నాటుతారు.

ఇంకో చివర, మాలి దేశపు అడవి వరి ఉంది. సాగులో లేని గడ్డిజాతి. 1977లో కటక్ వరి పరిశోధన కేంద్రంలో ఎస్. దేవదత్, ఆ అడవి వరి మొక్క ఒకటి మన దేశంలో తను పరీక్షించిన జాంథోమొనాస్ రకాలన్నిటికీ తట్టుకుంటోందని గుర్తించాడు. ఆ గుణాన్ని సాగు వరిలోకి తేవడానికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గుర్‌దేవ్ ఖుష్ బృందానికి 1990 దాకా పట్టింది. ఆ జన్యువు పేరు ఎక్స్ఏ 21. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం దాన్ని విడదీసి చూపించింది. చూస్తే అది కణం పొర మీద నిలబడి బయట ఏముందో పసిగట్టే కాపలాదారు ప్రోటీన్.

దేన్ని పసిగడుతుంది? ఈ ప్రశ్న మీద రోనాల్డ్ ప్రయోగశాల పడ్డ తిప్పలు ఒక నవలకు సరిపోతాయి. బాక్టీరియా బయటికి పంపే ఏఎక్స్ 21 అనే ప్రోటీన్‌ను పసిగడుతుందని 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పెద్ద వార్త. తర్వాత ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. తవ్వుకుంటూ పోతే, వాడిన బాక్టీరియాల్లో ఒకదాని మీద చీటీ తప్పు. సీసా మీద ఒక పేరు, లోపల ఇంకోటి. పరీక్ష పద్ధతిలో కూడా లోపం. 2013లో ఆమె ఆ పత్రాలను వెనక్కి తీసుకుంది, ఎందుకు తీసుకుంటోందో బహిరంగంగా రాసింది. నేను పనిలో రెండుసార్లు తప్పు బ్రాంచిని పైకి పంపాను, రెండుసార్లూ ముందు సర్వర్ మీదికే నెట్టాను. అందుకే ఆ రాతను గౌరవంతో చదివాను. 2015లో వాళ్లే సరైన జవాబు పట్టుకున్నారు. రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడ్. మొక్క పెరుగుదలకు పనికొచ్చే మొక్క సొంత హార్మోనును పోలిన వేషం దానిది. అది బయటికి వచ్చేది ఇంకో తలుపులోంచి, టైప్ 1.

ఇప్పుడు మళ్లీ హైదరాబాద్. సొంటి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్‌లో ఆర్.ఎం. సుందరం తదితరులు కలిసి, సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులను తేవాలని పూనుకున్నారు. ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5. మూడూ ఒకేచోట ఉన్న దాత మొక్క పంజాబ్ వాళ్లు తయారుచేసింది. జన్యుమార్పిడి కాదు, మామూలు సంకరమే. పుప్పొడి తెచ్చి పూతలో చల్లడమే. కాకపోతే పుట్టిన ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి, మూడు జన్యువులూ ఉంటూ మిగతాదంతా సాంబ మసూరిలాగే ఉన్న మొక్కను ఏరి, మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. అలా నాలుగుసార్లు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది.

మూడు జన్యువులు ఎందుకు? ఒకటే పెడితే బాక్టీరియా దాటిపోతుంది. ఉదాహరణకు ఎక్స్ఏ 13 అంటే, టాల్ ప్రోటీన్ పట్టుకునే ఆ చక్కెర తలుపు జన్యువే, కాకపోతే పట్టు దొరికే చోట అక్షరాలు మారిపోయి ఉంటాయి. చెవి తాళంలో తిరగదు. అప్పుడు కొన్ని జాంథోమొనాస్ రకాలు ఇంకో స్వీట్ జన్యువును తెరిచే టాల్ పట్టుకొస్తాయి. ఎక్స్ఏ 5లో మార్పు ఒక్క అమైనో ఆమ్లం. టాల్ ప్రోటీన్లు వరి జన్యువును ఆన్ చేయడానికి ఆసరా చేసుకునే వరి ప్రోటీన్‌లో ఆ మార్పు ఉంటుంది.

ఇలా చూస్తే కథ చక్కగా అమరినట్టుంది. బాక్టీరియా వాడే తలుపులేమిటో తెలుసుకున్నారు, ఆ తలుపుల దగ్గర కాపలా పెట్టారు, విత్తనం తయారైంది. పరిశోధన సంస్థల గురించి రాసే వ్యాసాల్లో ఇలాగే ఉంటుంది. నేను తేదీలు వేసుకుని చూస్తే అలా లేదు. సంకరం మొదలుపెట్టినప్పుడు ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 లోపల ఏం చేస్తాయో ఎవరికీ స్పష్టంగా తెలీదు. ఎక్స్ఏ 5 సంగతి 2004 తర్వాత, ఎక్స్ఏ 13ను ఏ టాల్ పట్టుకుంటుందో 2006లో, ఆ తలుపు పంపేది చక్కెర అని 2010లో, ఎక్స్ఏ 21 పసిగట్టేది ఏమిటో 2015లో తేలాయి. విత్తనం ముందొచ్చింది. అర్థం చాలావరకు తర్వాత వచ్చింది. ఏ మొక్క నిలబడిందో చూసి దాన్ని ఎన్నుకున్నారు, ఎందుకు నిలబడిందో తెలిసి కాదు. ఇది ఆ శాస్త్రవేత్తలను తక్కువ చేయడం కాదు. ఒకే ప్రయోగశాల ఒక చేత్తో తలుపుల లోగుట్టు తవ్వుతూ, ఇంకో చేత్తో అది పూర్తిగా తేలేదాకా ఆగకుండా విత్తనం చేసింది. ఆ రెండో చేతి ధైర్యమే నాకు ఎక్కువ విలువైనదిగా కనపడుతుంది. అర్థమయ్యాకే చేస్తామని కూర్చుంటే 2015 దాకా ఆగాల్సి వచ్చేది.

2010లో నేను నత్రజని కరపత్రం పట్టుకుని బాపు మీదికి లేచిన రోజుకి, ఆ తెగులు ఎలా పనిచేస్తుందో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాళ్లు కూడా ఇంకా వెతుకుతున్నారు. కాలిఫోర్నియాలో తప్పు చీటీ సీసా మీదే ఉంది. తట్టుకునే విత్తనం విడుదలై రెండేళ్లయింది. మా ఊరి విత్తనాల దుకాణంలో దాని పేరు ఎవరూ ఎత్తలేదు. అది తయారైన గోడ పక్కనుంచి నేను రోజూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పోయాను.

*

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఇదంతా బాపుకు చెప్పాను. తలుపులూ సూదీ చక్కెరా, అన్నీ. బాపు వడ్ల గింజలు చేతిలో నలుపుకుంటూ విన్నాడు.

"అంటే ఆ పసుపు చుక్కలేనా అదంత?"

"అవే."

"మరి యూరియా?"

"యూరియా ఎక్కువైతే జోరు జెయ్యొచ్చు గని, తెచ్చింది యూరియా కాదు బాపు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నాటేసిన నెలకు గాలివాన కొట్టింది, యాదికున్నదా నీకు? పైమడోళ్లకు ముందుగాల తగిలింది. వాళ్ల నీళ్లు మన మడిల వడ్డయి. వారం తిరగంగనే మనకు షురువైంది."

నేను అవాక్కయ్యాను. వానతో, పారే నీళ్లతో ఈ తెగులు పాకుతుందనేది పుస్తకాల్లో ఉన్న మాటే. "మరి నీకు ఎర్కుంటే ఇన్నేండ్లు యూరియా యూరియా అని ఎందుకన్నవ్?"

"నువ్వన్నవు గదా. చదువుకునేటోనివి. కాదని నేనెట్లంట."

అమ్మ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. బాపు విత్తనం పేరు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. రెండుసార్లు నోట్లో తిప్పుకుని, క్యాలెండర్ వెనక రాయమన్నాడు. రాశాను.

"అన్నం బీపీటీ లెక్కనే ఉంటదా?"

"అట్లనే ఉంటదట."

"ఉంటదట కాదు. ఒక పది కిలోలు ఏడనన్న సంపాయించు. వండి చూద్దాం."